మధ్యలో అడ్డు లేదు

బంద్ రోజున కలకత్తాలో కాకి కూడా బస్సెక్కదు.

రఘురాంకి మాత్రం పండగలా ఉంది. రోడ్లు ఖాళీ, రణగొణ లేదు. సర్వేకి ఇంత మంచి రోజు మళ్లీ రాదనుకుని, పొద్దున్నే నడుచుకుంటూ ఖిదిర్‌పూర్ వచ్చి ఐదంతస్తుల మేడ ఎక్కేశాడు.

పని చిన్నదే. ఈ మేడ మీద ఒక డిష్, ఓడల డాక్ అవతల మెటియాబ్రుజ్‌లో ఇంకో మేడ మీద ఒక డిష్. ఫోన్ కంపెనీ వాళ్ల మాటలన్నీ గాల్లోనే ఈ డిష్ నుంచి ఆ డిష్‌కి పోవాలి. మధ్యలో ఏదీ అడ్డు రాకూడదు, అంతే.

అవతలి మేడ మీద నుంచి తోటి ఇంజనీరు అద్దంతో ఎండ కొట్టించాడు. తళుక్కుమంది.

రఘురాం ఫారంలో రాసుకున్నాడు: మధ్యలో అడ్డు లేదు.

"అడ్డుంది బాబూ," అన్నారెవరో. అదీ తెలుగులో!

ఉలిక్కిపడి చూశాడు. నీళ్ల ట్యాంకు పక్కన తాడు మీద తడి లుంగీ ఆరేస్తున్నాడు ఒక పెద్దాయన. అరవైకి దగ్గరగా ఉంటాడు.

"మీది ఏ ఊరు?"

"టెక్కలి పక్క. ముప్పయ్యేళ్లయినాది ఇక్కడికొచ్చి. అది సరే, మీరు సూస్తన్నదేటి?"

రఘురాం రెండు ముక్కల్లో చెప్పాడు. పెద్దాయన డాక్ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ మూడో క్రేన్ సూడండి. ఇయ్యాల బంద్ గదా, పని నేదు. దాని సెయ్యి పక్కకి తిప్పేసి ఒగ్గేసారు. రేపు పని మొదలైతే, సరీగ్గా మీ దారికే అడ్డొస్తాది. డిష్షు ఇంకో పదిహేనడుగులు ఎత్తులో ఎట్టండి."

"ఎత్తు మారిస్తే స్తంభానికి మళ్లీ అనుమతి, ఫ్రీక్వెన్సీ లైసెన్సుకి ఢిల్లీలో మళ్లీ దరఖాస్తు. ఫైలు రేపే పోవాలి పెద్దాయనా. ఇవన్నీ మీకు తెలిసేవి కావు."

"అయన్నీ నాకేటి తెలుస్తాయి బాబూ. కానీ ఆ క్రేన్ సంగతి నాకు..."

ఫోన్ మోగింది. భార్య. వాచ్‌మన్‌తో వాదన తప్పిందని రఘురాం ఊపిరి పీల్చుకున్నాడు. అవును, వాచ్‌మన్ అనే అనుకున్నాడు.

"ఆ, హైమా! సర్వే అయిపోయింది. ఈ లింకు ఆరు నెలలు తెగకుండా నడిస్తే నా ఉద్యోగం పర్మనెంటు. తెగితే మాత్రం పెట్టే బేడా సర్దుకోవాల్సిందే... ఛ, ఏడవకు. తెగదులే."

ఫోన్ పెట్టేసేసరికి పెద్దాయన లుంగీ కొస చేత్తో పట్టుకుని డాక్ వైపే చూస్తున్నాడు.

"ఎల్లిరండి బాబూ," అన్నాడు మెల్లగా. "అడ్డు రాదు నెండి."

ఇందాక అడ్డుందన్నదీ ఈయనే, ఇప్పుడు లేదంటున్నదీ ఈయనే! రఘురాం నవ్వుకుంటూ మెట్లు దిగాడు. పేరు అడగాలని కూడా తోచలేదు.

ఐదు నెలలకి లైసెన్సు వచ్చింది. డిష్‌లు లేచాయి. లింకు నడిచింది.

నెల గడిచింది. తెగలేదు. మూడు నెలలు గడిచాయి. తెగలేదు. డాక్‌లో ఓడలు వస్తున్నాయి, పోతున్నాయి, క్రేన్లు తిరుగుతూనే ఉన్నాయి. లింకు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆరో నెల నిండగానే పర్మనెంటు కాగితం చేతికొచ్చింది. ఆ సాయంత్రం సందేశ్ మిఠాయి డబ్బాతో ఇంటికి పోతూ, పాపం పెద్దాయన ఎంత భయపెట్టాడో అనుకుని మళ్లీ నవ్వుకున్నాడు.

ఆ తరువాతి సోమవారం, పదింటికి, లింకు తెగింది.

నాలుగు నిమిషాల్లో వచ్చింది. మళ్లీ తెగింది. పదకొండున్నరకల్లా ఎనిమిదిసార్లు!

"ఈ సర్వే మీద సంతకం ఎవరిది?" అని మేనేజరు అరిచాడు.

రఘురాం ఖిదిర్‌పూర్ మేడ మీదికి పరుగెత్తాడు. మూడో క్రేన్ చెయ్యి తన డిష్‌కి ఎదురుగా, అచ్చం పెద్దాయన చెప్పిన చోటే, అటూ ఇటూ ఊగుతోంది. ట్యాంకు పక్క తాడు మీద బట్టలేమీ లేవు.

డాక్‌కి పోయి ఫోర్‌మన్‌ని పట్టుకుని బెంగాలీలో అడిగాడు.

"దాదా, ఈ మూడో క్రేన్ ఆరు నెలలుగా పని చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలేదు? రోజూ చేసింది. కానీ పాత డ్రైవర్ పిచ్చి ముసలోడు. ఇటు పావు చుట్టు తిప్పితే అయ్యే పనికి అటు నుంచి ముప్పావు చుట్టు తిప్పేవాడు. ఆరు నెలలూ అదే వరస! మూడుసార్లు చెప్పి చూశాం, వినలేదు. పని నిదానమని శనివారం కాంట్రాక్టరు తీసేశాడు."

"ఎందుకలా తిప్పేవాడు?"

"అడిగితే నవ్వేవాడు. పైన తన గది అద్దం మీద ఏదో గీసి, రాసి పెట్టాడు. ఆ భాష మాలో ఎవరికొచ్చు?"

"ఆయన పేరు?"

"కూర్మయ్య. నిన్నటి రైలుకే ఊరెళ్లిపోయాడు."

భోజనాల వేళకి క్రేన్ ఆగింది. ఫోర్‌మన్‌ని బతిమాలి రఘురాం ఇనుప నిచ్చెన ఎక్కాడు.

క్రేన్ చెయ్యితో పాటే తిరిగే డ్రైవర్ గదిలో, ముందున్న అద్దం మీద ఎర్ర రంగుతో నిలువుగా ఒక గీత ఉంది. గీతకి బెత్తెడు ఇవతల ఖిదిర్‌పూర్ మేడ, దాని మీద తన డిష్, ట్యాంకు పక్కన ఖాళీ తాడు కనిపిస్తున్నాయి.

గీత కింద వంకర టింకర తెలుగు అక్షరాలు:

"మేడ ఈ గీత దాటితే బాబు ఉద్యోగం పోద్ది."