ఆగిన వైపు

"కాస్త లేస్తారా? నేను కూర్చోవాలి."

"కుదరదు బాబూ."

ట్రాఫిక్ కానిస్టేబుల్‌కి ఒళ్ళు మండింది. కూడలిలో లారీలనే జరిపించిన మనిషి. ఆసుపత్రి హాల్లో ఒక్క కుర్చీ జరగనంటోంది.

హాల్లో ఖాళీ కుర్చీలకు కొదవలేదు. ఎండ పడేది మాత్రం కిటికీ పక్కనున్న ఆ ఒక్కదాని మీదే.

అందులో కూర్చున్న పెద్దాయనకి నెత్తిన టోపీ, చేతులకు తొడుగులు. అవి చాలవన్నట్టు గదిలో గొడుగు కూడా తెరిచి పట్టుకున్నాడు.

"ఎండ పడని వారు ఎండలో ఎందుకండీ కూర్చోవడం?"

"మీరు కూర్చోకూడదనే."

"గడ్డివాము దగ్గర కుక్క సామెత ఉత్తినే పుట్టలేదు," అంటూ కానిస్టేబుల్ వెనక్కొచ్చి అక్క పక్కన కూలబడ్డాడు.

"ఒరే, నెమ్మది. వింటాడు."

"వినాలనే అన్నాను. ఆ ముఖం చూశావా? అదేదో అంటుజబ్బులా ఉంది."

గొడుగాయన ముఖం నిండా మచ్చలే. చర్మం చాలీచాలని చొక్కాలా బిగుసుకుపోయింది. మాటిమాటికీ కళ్ళలో చుక్కల మందు వేసుకుంటున్నాడు.

కానిస్టేబుల్‌కి వచ్చింది రక్త కాన్సర్. అక్క తన మూలకణాలు ఇచ్చి బతికించింది. జబ్బు పోయింది, గండం ఒకటి మిగిలింది.

వచ్చిన కణాలు ఈ ఒంటిని పరాయిదనుకుని తగువుకు దిగవచ్చు. దిగితే మొదట చర్మం, ఆ తర్వాత లోపలున్నవన్నీ పాడవుతాయి. ఆ తగువు రాకుండా ఉండడానికే ఇన్ని మందులు, ఇన్ని జాగ్రత్తలు.

"ఒంట్లోకొచ్చి కూడా నాతో పోట్లాడతావా అక్కా?"

"చిన్నప్పటి బాకీలు ఉన్నాయిగా," అని నవ్వేది అక్క. ఆ తర్వాత అవతలికి పోయి కళ్ళు తుడుచుకునేది.

ఎండకి దూరంగా ఉండాలని డాక్టర్లు చెప్పారు. అది వీధిలో ఎండ సంగతి అనుకున్నాడు కానిస్టేబుల్. మూసిన గదిలో వారాల తరబడి పడున్న మనిషి. మళ్ళీ కూడలిలో నిలబడి, "ఒక వైపు ఆగితేనే కదయ్యా రెండో వైపు కదిలేది!" అని అరవాలని ప్రాణం కొట్టుకుంటోంది. ముందు కాస్త ఎండైనా తగిలితే బాగుండుననిపించింది.

మరుసటి వారమూ ఆ కుర్చీలో గొడుగాయనే.

కానిస్టేబుల్ నేరుగా మేనేజరు గదికి వెళ్ళాడు. "ఆయన రోగా, కాపలాదారా?" అని నిలదీశాడు.

మేనేజరు కొత్తగా వచ్చినవాడు. ఎవరు ఎవరో తెలియదు. వచ్చి, "పెద్దాయనా, ఇటు వచ్చి కూర్చోండి," అన్నాడు.

గొడుగాయన తగువు పెట్టుకోలేదు, లేచాడు. గొడుగు మూయబోతే వేళ్ళు వంగలేదు. కానిస్టేబుల్ చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. అక్కే లేచి మూసి చేతికిచ్చింది.

"టోపీ అయినా పెట్టుకోండి బాబూ," అన్నాడు పెద్దాయన.

"నా సంగతి నేను చూసుకుంటాను లెండి."

ఆ రోజు కానిస్టేబుల్ పిల్లిలా కళ్ళు మూసుకుని ఎండ కాచుకున్నాడు. ఆ తర్వాత వచ్చినప్పుడల్లా అదే కుర్చీ. అడ్డుపెట్టే గొడుగు మళ్ళీ కనబడలేదు.

కొన్నాళ్ళకి మెడ మీద, చేతుల మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

డాక్టరమ్మ చూసి, "ఎండలో కూర్చున్నారా?" అంది.

"వీధిలో కాదండీ. ఇక్కడే, కిటికీ దగ్గర."

"అద్దంలోంచి వచ్చినా ఎండ ఎండే. నిద్రపోతున్న తగువుని తట్టి లేపారు."

"మరి ఆ కిటికీకి తెర కట్టించకూడదా?" అంది అక్క.

"చిరిగిపోయింది. కొత్తది అడుగుతూనే ఉన్నాం. మీలాంటి వాళ్ళు తెలియక కూర్చుంటారని గొడుగు పట్టుకుని ఆయన కూర్చునేవాడు. ఉన్నాడు కదా అని మేమూ ఊరుకున్నాం, అది మా తప్పే."

కానిస్టేబుల్‌కి సిగ్గేసింది.

"ఆయనొస్తే క్షమించమని అడగాలి."

"రారు. పోయిన వారం పోయారు. చర్మం ఎప్పుడో గట్టిపడింది, చివరికి ఊపిరితిత్తులు కూడా."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆయనకీ ఇదే తగువా?"

"ఇదే. తమ్ముడి కణాలు."

"నాకూ అంతదాకా వస్తుందా?" అన్నాడు కానిస్టేబుల్.

"రాదనే నమ్మకం. మచ్చలకి పూత రాస్తాను, తగ్గుతాయి. మీకు మొదట్లోనే ఇంకో మందు కలిపాం, అది కాపు కాస్తోంది."

"ఆయనకెందుకు కలపలేదు?"

"అప్పటికి ఆ మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో ఎవరికీ తెలియదు. ఒప్పుకున్న వాళ్ళకి చీటీలు వేశాం. కొందరికి అది కలిపాం, కొందరికి పాత మందులే ఇచ్చాం. రెండు వైపులా చూస్తేనే కదా తేలేది."

"ఆయనకి పాతవి వచ్చాయా?"

డాక్టరమ్మ తలూపింది.

"మందు గెలిచిందని తేలేసరికి ఆయనకి ఇచ్చినా లాభం లేని దశ వచ్చేసింది. ఆ మాట నేనే చెప్పాల్సి వచ్చింది."

"ఏమన్నాడు?"

"‘అయితే ఇక వెనకొచ్చేవాళ్ళందరికీ ఇస్తారు కదమ్మా’ అని ఒక్కటే అడిగాడు."