ఏడంగుళాల చిరుగు

కెమెరామ్మ పేరెత్తితే చాలు, టైలరుకు ఒళ్లు మండేది.

సైనిక శిక్షణ కేంద్రం గేటుకు ఎదురుగా ఆయన దుకాణం. సిపాయిల యూనిఫారాలే ఆయన బతుకు. అలాంటిచోట మెడలో కెమెరా వేలాడేసుకున్న ఆడమనిషి మూడు రోజులుగా వచ్చి బల్ల మీద తిష్ట వేస్తే, ఏ సిపాయి గుమ్మం తొక్కుతాడు?

"పన్నెండేళ్ల కిందటి మాట అన్నా. ట్రైనింగులో ఉన్న ఒకమ్మాయి చొక్కా. ఆఫీసరు మనిషి తెచ్చి మీ దగ్గర కుట్టించి, మళ్లీ ఆ పిల్ల పెట్టెలో పెట్టేశాడు."

"రోజుకి ఇరవై చొక్కాలమ్మా. అన్నీ గుర్తుపెట్టుకుంటే నా పేరు నేనే మర్చిపోతాను."

"ఆ ఆఫీసరు ఆ అమ్మాయిని బలాత్కారం చేశాడు. విచారణలో చొక్కా చూపిస్తే, చిరుగెక్కడుందని నవ్వారు. అంత బాగా కుట్టారు మీరు."

టైలరు మిషను గడగడలాడించాడు.

ఆమె ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"ఈసారి బయటివాళ్లు విచారిస్తున్నారు. ఇరవయ్యో తారీఖుకి ఫైలు మూసేస్తారు. చిరుగు చూశానని ఒక్క మాట చెప్పండి, చాలు."

"తెలీదని మొన్న చెప్పా, నిన్న చెప్పా. రేపొచ్చినా అదే."

తెలుసు. బాగా తెలుసు.

ఏ చిరుగు కుట్టినా, దారం రంగు కలపడానికి మడతలోంచి చిన్న పీలిక కత్తిరించి పుస్తకంలో గుండుసూదితో గుచ్చుకోవడం ఆయన అలవాటు. పక్కనే తేదీ, పంపినవాళ్ల పేరు, చిరుగు కొలత. ఆ పుస్తకం ఆయన కూర్చున్న పెట్టెలోనే ఉంది.

కానీ గేటు లోపల ఆయన కూతురుంది. ఇంకో ఆర్నెల్లలో ట్రైనింగు అయిపోతుంది. తను నోరు జారితే ఆ పిల్లనేం చేస్తారో?

కెమెరామ్మ చూపు గోడ మీద, యూనిఫారంలో ఉన్న పిల్ల ఫొటో దగ్గర ఆగింది.

"మీ అమ్మాయా?"

"ఊఁ."

"లోపలేనా?"

టైలరు సూదిలోకి దారం ఎక్కించసాగాడు.

ఆమె ఆ ఫొటోను చాలాసేపు చూసింది.

"జేబు గుండీ పెట్టుకోలేదు, పిచ్చిపిల్ల. తనిఖీలో తిట్లు తింటుంది, చెప్పండి" అని లేచింది. "ఇక రానన్నా. మీ పని చూసుకోండి."

"వదిలింది పీడ!" అన్నాడు టైలరు, పక్కన బూట్లు కుట్టే బావతో.

"నీ నోటికి పటాలమే పారిపోతుంది, ఆవిడెంత?" అన్నాడు బావ.

ట్రైనింగు ముగించుకుని కూతురు సెలవుకి వచ్చింది. మిషను పక్కన చేరి సెల్లు తెరిచింది.

"డాక్యుమెంటరీ నాన్నా. ఏడుగురు ఆడవాళ్లు, ట్రైనింగులో తమకి జరిగింది ముఖం దాచుకోకుండా చెప్పారు. ఇది వచ్చాకే మా గదులకి లోపల గడియలు పెట్టారు, తెలుసా?"

టైలరు కాజా కుడుతూ ఓ కంట చూస్తున్నాడు.

చివర్లో కెమెరామ్మ కనిపించింది. కెమెరాను ఎక్కడో ఆనించి, తానే దాని ముందుకొచ్చి కూర్చుంది. ఒళ్లో మడతపెట్టిన చొక్కా.

"ఇది నాది" అంది.

టైలరు వేలికి సూది దిగింది.

"దీన్ని కుట్టినాయన కోసం వెతికాను. దొరకలేదు. ఫైలు మూసేశారు."

మూడు రోజులు ఎదురుగా కూర్చున్న మనిషి. దొరకలేదట!

"పాపం, ఆ టైలరు దొరికుంటే బాగుండేది కదా నాన్నా?"

టైలరు తలెత్తాడు. ఆయన కళ్లు ఫొటో దగ్గర ఆగాయి, ఆ రోజు ఆమె కళ్లు ఆగినచోటే.

మెల్లగా లేచి, పెట్టె తెరిచి, పుస్తకం తీసి, ఆ పేజీ తిప్పి కూతురి చేతిలో పెట్టాడు.

గుండుసూది తుప్పు పట్టింది. పీలిక రంగు మాత్రం పోలేదు. కూతురు తేదీ చదివింది. ఆఫీసరు పేరు చదివింది. తండ్రి ముఖంలోకి ఒకసారి చూసి, మిగిలింది కూడా పైకి చదివింది:

"ఎడమ భుజం నుంచి జేబు దాకా, ఏడంగుళాలు."