మూడు లెక్కపెట్టేలోగా

మందు సీసా మీద తారీఖు అలుక్కుపోయి ఉంది. అది మూడో, ఎనిమిదో, సున్నాయో తేల్చడం దేవుడి తరం కూడా కాదు.

సూపర్‌వైజరు ఆ సీసాని, సీసాల మీద తారీఖులు కొట్టే మిషను దగ్గరున్న పెద్దాయన ముందు పెట్టాడు. పొద్దున్నుంచి ఇలాంటివి మూడు పెట్టెలు తేలాయి.

ఇంకు బాగోలేదన్నాడు పెద్దాయన.

అదే కంపెనీ, అదే డబ్బా, అదే నలుపు, ఇంకుకేం రోగం అన్నాడు సూపర్‌వైజరు. రోగం ఆయన కళ్ళకేనని, మిషను సరిచేసుకోవడం చేతకాకపోతే రేపట్నుంచి గేటు దగ్గర కాపలా కూర్చోమని పుల్ల విరిచినట్టు చెప్పేశాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రింటింగు మిషను మీద ఈగ వాలనివ్వని మనిషాయన. గేటు దగ్గర కూర్చోబెడితే బతకడా అంటే, బతుకుతాడు. వేళకి అన్నం కూడా తింటాడు. అంతకుమించి ఏమీ ఉండదు.

బెల్టుకి ఇవతల సీసాలు చెక్ చేస్తున్న ఆయన కోడలు ఆ మాటకి పని ఆపేసింది.

ఎందుకంటే, ఆయన కళ్ళు ఆనడం లేదన్నది నిజం.

ఇంట్లో పేపరు ఆమె చేతే చదివిస్తాడు, కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయానంటాడు. అది ఆయన జేబులోనే ఉంటుంది. పెట్టుకున్నా లాభం లేదని ఆయనకి తెలుసు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ఇద్దరూ ఏమీ ఎరగనట్టే వార్తలు మాట్లాడుకుంటారు. భలే మామాకోడళ్ళు!

సూపర్‌వైజరు ఆమె వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా, ఒకే ఇంట్లో ఉంటారుగా. మీ మామయ్యకి కళ్ళు కనిపిస్తున్నాయా లేదా?"

అబద్ధం ఆడటానికి ఆమెకి నోరు రాలేదు. నిజం చెప్పడానికి మనసు రాలేదు.

"ఆ సంగతి తర్వాత చూద్దాం సార్. ముందు ఇంకు సంగతి తేల్చండి."

ఆ మాట కోసమే కాచుక్కూచున్నట్టు పెద్దాయన లేచాడు. నిన్న అయిపోయిన డబ్బా మూలనుంది. దాని మూత తీసి వాసన చూశాడు. ఇవాళ్టి డబ్బా మూత తీసి వాసన చూశాడు. పాతదానికి ఘాటు నషాళానికి అంటుతోందని, కొత్తదానికి ఆ ఘాటే లేదని చెప్పాడు. ఘాటు లేని ఇంకు త్వరగా ఆరదు, ఆరకపోతే బెల్టు మీద సీసాలు ఒకదానికొకటి రాసుకుని అక్షరాలు అలుక్కుపోతాయి. పొద్దున్నుంచి చెబుదామనే చూస్తున్నాడట. అడిగినవాడు లేడు.

పాత డబ్బా అడుగున మిగిలిన ఇంకు పుల్లతో ఒక్క చుక్క తీసి సీసా మీద పెట్టాడు. మూడు లెక్కపెట్టాడు. బొటనవేలితో రుద్దాడు. చుక్క కదల్లేదు.

కొత్త ఇంకుతో పెట్టాడు. మూడు లెక్కపెట్టి రుద్దితే వేలికి జిగురు తగిలింది. పది లెక్కపెట్టి చూశాడు. అప్పటికీ జిగురే.

సూపర్‌వైజరు నమ్మక తనే ఇంకో డబ్బా తెరిచి, తనే చుక్క పెట్టి, తనే రుద్దాడు. నల్లబడ్డ వేలిని అలవాటుగా తెల్లచొక్కాకి తుడుచుకుని, ఆ తర్వాత నాలిక్కరుచుకున్నాడు.

గోడౌన్లో పాత సరుకు డబ్బా ఒకటి దొరికింది. మిషను గొట్టాలు కడిగి, ఆ ఇంకు వేసి, వంద సీసాలు నడిపారు. కోడలు ఒక్కోదాన్నీ తడిగుడ్డతో తుడిచి చూసింది. వందలో ఒక్క తారీఖూ చెదరలేదు.

"మిషను మీ చేతుల్లోనే ఉంటుంది పెద్దాయనా. నా మాట మనసులో పెట్టుకోకండి," అన్నాడు సూపర్‌వైజరు. కొత్త డబ్బాలన్నీ వెనక్కి పంపేయడానికి ఫోను తీసుకుని బయటికెళ్ళాడు.

పెద్దాయన మొహం చూడాలి అప్పుడు! బల్ల మీదున్న సీసా ఒకటి తీసి, కిటికీ వెలుగులోకి చెయ్యి చాచి పట్టుకుని, మురిసిపోతూ చూశాడు.

"చూశావా అమ్మాయ్, అక్షరాలు ముత్యాల్లా ఎలా ఉన్నాయో."

ఆ సీసా మీద ఒక్క అక్షరం లేదు. ఇంకా మిషను కిందికి వెళ్ళనిది అది.

కోడలికి ముందు నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. ఈ మనిషి తనకి ఎంత ఇష్టమో ఆమెకి ఆ క్షణంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. దగ్గరికెళ్ళి ఆ సీసాని మెల్లగా ఆయన చేతిలోంచి తీసుకుంది.

"మామయ్యా, సాయంత్రం కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలి. రండి."

"నీ కళ్ళకేమైందమ్మా?" కంగారుపడిపోయాడు ఆయన.

"నాకేం కాలేదు."

పెద్దాయన గుడ్డ తీసుకుని బొటనవేలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. వేలు శుభ్రమైపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

"అక్కడ బోర్డు మీద అక్షరాలు చదవమంటారు కదా," అన్నాడు చివరికి.

"అవును మామయ్యా."

"నువ్వు పక్కనే ఉండు. అక్షరాలు అందించకు. ఊరికే ఉండు."