రెక్కకు నాలుగు దారాలు

"ఇవి నేను కొట్టిన రివెట్లు కావు," అన్నాడు ఆర్లెన్, విమానం రెక్క మీది అల్యూమినియం రేకును బిగించిన ఆ చిన్న మేకుల వెంట బొటనవేలు జరుపుతూ.

కాఫీ తాగుతున్న స్నేహితుడు వెండెల్ కప్పు దించాడు. "నువ్వు కాకపోతే ఎవరు కొట్టార్రా? మా అత్తగారా?"

"నా రివెట్టు తల అంచు కాస్త లేచి ఉంటుంది. ఇవి నున్నగా ఉన్నాయి. ఎవరో నావి పీకేసి కొత్తవి వేశారు."

వెండెల్ నవ్వలేదు. పని ఉందంటూ వెళ్లిపోయాడు.

కారును మంచుకీ ఎండకీ వదిలేసి, గ్యారేజీలో సొంతంగా విమానం కట్టుకుంటున్నాడు ఆర్లెన్. విస్కాన్సిన్‌లో ఇలాంటి పిచ్చివాళ్లు వీధికొకరు ఉంటారు. వేసవిలో పక్క సీట్లో భార్య మార్లిస్‌ను కూర్చోబెట్టుకుని ఆమె చెల్లెలింటి దాకా ఎగరాలని అతని కోరిక. ఎడమ రెక్కకు చివరి రేకు ఒక్కటే మిగిలింది. అది బిగిశాక లోపల మెలిక ఉంటే ఇక జన్మకు పోదు. విమానం ఒక పక్కకే ఒరుగుతూ ఉంటుంది, కొన్నిసార్లు ప్రాణం మీదికీ తెస్తుంది. అందుకే రెక్క పొడవునా నాలుగు దారాలు వేలాడదీసి, ఒక కొస నుంచి చూస్తారు. నాలుగూ ఒక్క దారంలా కనబడితే రెక్క తిన్నగా ఉన్నట్టు. ఆ చూసే పని ఆర్లెన్ ఎవరికీ ఇవ్వడు. తన కన్ను త్రాసు ముల్లని అతని ధీమా.

ఈమధ్య ఎవరో ఆ దారాల జోలికీ వచ్చారు. తెల్లవి పోయి నారింజ రంగువి వచ్చాయి. మొన్న డ్రిల్లు మాయమై, ఊరంతా వెతికాక ఎదురుగా బల్ల మీదే దొరికింది. పైగా రివెట్టు కొట్టడం ఒక్కడి పని కాదు. బయట ఒకరు గన్ను పట్టాలి, లోపల ఒకరు ఇనుప దిమ్మె ఆనించాలి. ఆ రెండోవారు ఎవరా అని ఆలోచిస్తే ఆర్లెన్‌కు అన్నం సయించలేదు.

శనివారం క్షౌరానికని బయల్దేరాడు. నడిస్తే ఒంటికి మంచిదని ఈమధ్య కారు తీయడం లేదు. అనుమానం ఆగక సగం దారిలోనే వెనక్కి తిరిగాడు.

గ్యారేజీలో గన్ను దడదడమంటోంది. పట్టుకున్నది వెండెల్. మోచేతి దాకా రెక్కలో చెయ్యి దూర్చి నిలబడింది మార్లిస్.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు ఆర్లెన్.

"ఈస్టర్ నుంచి," అంది మార్లిస్, చెయ్యి బయటికి తీసి.

"రెక్క మెలిక తిరిగిందిరా," అన్నాడు వెండెల్. "సరిచేస్తున్నాం."

"నేను చూసి సరే అన్న రెక్కకు మెలికా? నీ విమానం సగంలో అటకెక్కిందని నాదీ ఎక్కాలా? ఒకే కంచంలో తిన్నాం కదరా! పాముకు పాలు పోశాను."

వెండెల్ ఏదో అనబోయాడు. మార్లిస్ వద్దన్నట్టు తల ఊపింది. అతను గన్ను బల్ల మీద పెట్టి, టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

ఆర్లెన్ గుండె మండిపోతోంది. వాడు పరాయివాడు, పోనీ. కట్టుకున్నది కూడా వాడితో చేరి తన పని పాడుచేసింది.

"ఇంకా వేలెడు మెలిక ఉంది, ఆర్లెన్," అంది మార్లిస్ మెల్లగా.

"వాడు చెప్పాడా? కట్టు దారాలు. ఇప్పుడే తేలుద్దాం."

ఆమె రెక్క అవతలికి వెళ్లింది. కాసేపు అలికిడి లేదు. తర్వాత "చూడు," అంది.

ఆర్లెన్ ఇటు కొసన వంగి, ఒక కన్ను మూసి చాలాసేపు చూశాడు. మొహం వెలిగింది.

"నాలుగూ ఒక్కటే! వెంట్రుకవాసి తేడా లేదు. వచ్చి చూసుకో! ఆ రేకు అందుకో, బిగించేద్దాం. ఇంకెప్పుడూ వాణ్ణి ఈ గడప తొక్కనివ్వకు."

మార్లిస్ కదల్లేదు. ఆమె కళ్ల నిండా నీళ్లు.

"దారాలు ఇంకా నా చేతిలోనే ఉన్నాయి, ఆర్లెన్."