చుక్క కోసం

తెల్లవారేసరికి మబ్బు పట్టింది. కురవనూ లేదు, వెలియనూ లేదు. ఊరి నెత్తిన తడిగుడ్డ పరిచినట్టు బరువుగా వేలాడుతోంది. ఫైర్ స్టేషను గేటు దాటుతూ పుల్ల చెప్పాల్సిన మాటను మనసులో ఇంకోసారి సర్దుకున్నాడు. ఇక నేను బండి ఎక్కలేను సార్, స్టోర్లో వెయ్యండి. అంతే. అంతకుమించి ఏమీ చెప్పదలచుకోలేదు.

సన్నగా, పొడుగ్గా ఉంటాడని స్టేషన్లో అందరూ అతన్ని పుల్ల అంటారు. ఇరుకులో దూరాల్సి వస్తే ముందు అతన్నే పిలుస్తారు. పోయిన వారం మూడంతస్తుల ఇల్లు కూలినప్పుడూ అతనే దూరాడు. వాసన పట్టే స్టేషను కుక్క ఎక్కడ మొరిగితే అక్కడ తవ్వాడు. లోపలివాళ్ళకు పలుగు తగులుతుందేమోనని చేతులతోనే తవ్వాడు. సందులో నోరు పెట్టి, "వస్తున్నాం, ఉండండి, వస్తున్నాం" అని గొంతు పోయేదాకా అరిచాడు. బయటికి తీసినవాళ్ళలో ఒక్కరికీ ఊపిరి లేదు. ఆఖరున ఒక చిన్నపిల్లను ఎత్తుకుని వస్తుంటే గుంపులోంచి ఎవరో, "ఇప్పుడా రావడం?" అన్నారు. కోపంగా కూడా అనలేదు. ఆ మాట అతని చెవిలో ముల్లులా దిగబడిపోయింది.

అప్పటినుంచి ముద్ద దిగడం లేదు. ఇంట్లో భార్య అడిగితే స్టేషన్లో తిన్నానంటాడు. స్టేషన్లో అడిగితే ఇంట్లో తిని వచ్చానంటాడు.

ఆఫీసరు గది గుమ్మం దగ్గరే బాబాయ్ ఎదురొచ్చాడు. చుక్కను సాకే పెద్దాయన ఆయన. స్టేషను మొత్తానికీ బాబాయే, ఆఫీసరుతో సహా. చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లకుక్క.

"నీకోసమే చూస్తున్నానురా. చుక్క తిండి మానేసింది."

పుల్ల ఆగిపోయాడు. ఆ రోజు తర్వాత అతను కుక్క కొట్టం వైపే వెళ్ళలేదు. దాన్ని చూస్తే ఆ మొరుగుడు గుర్తొస్తుందని భయం.

బాబాయ్ నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. శిథిలాల్లో వెతికే కుక్కకు ప్రాణాలతో మనిషి దొరకడమే జీతం. ఎక్కడ వెతికినా ప్రాణం లేనివాళ్ళే దొరుకుతుంటే దానికి తన ముక్కు మీద తనకే నమ్మకం పోతుంది. ఇలాగే ఉంటే బండి దిగనని మొరాయిస్తుంది, పనికిరాదని పంపించేస్తారు. దీనికి ఉన్నది ఒకటే మందు. బతికున్న మనిషిని దాచి, దాని చేతే కనిపెట్టించాలి.

"ఎవరో ఒకర్ని దాచు, బాబాయ్."

"తర్ఫీదు గుట్ట కింది పైపులో ఎవరు పడితే వాళ్ళు పడతారట్రా? మన వంటాయన్ని దూరిస్తే తర్వాత పైపు పగలగొట్టి తియ్యాలి."

వంటగది కిటికీలోంచి వంటాయన గరిటె చూపించాడు.

కొట్టంలో చుక్క ముందుకాళ్ళ మీద తల పెట్టుకుని, కళ్ళు సగం మూసి పడుకుంది. పుల్లను చూసి తోక ఒక్కసారి నేలకేసి కొట్టింది గానీ లేవలేదు. తనంటే మనిషి, ఎలాగో నెట్టుకొస్తాడు. నోరులేనిది ఎవరితో చెప్పుకుంటుంది? స్టోరు సంగతి మధ్యాహ్నం చూసుకుందాంలే అనుకున్నాడు.

స్టేషను వెనక తర్ఫీదు కోసం పోసిన సిమెంటు పెళ్ళల గుట్ట ఉంది. దాని అడుగున ఒక పాత పైపు. పుల్ల అందులోకి పాక్కుంటూ వెళ్ళి వెల్లకిలా పడుకున్నాడు. అరవొద్దనీ, దగ్గొద్దనీ, వాసన బట్టే కుక్కను రానివ్వమనీ చెప్పి బాబాయ్ గాలికి సందు వదిలి పెళ్ళతో మూశాడు.

మొదట సిమెంటు వాసన వేసింది. తర్వాత తన ఊపిరి తనకే వినబడసాగింది. ఎంతసేపైందో తెలియలేదు. ఇదంతా ఉత్తుత్తిదేననీ, పైనున్నది మనవాళ్ళేననీ తెలుసు. అయినా చేత్తో పైపు గోడ తడుముకున్నాడు. మరిచిపోయారేమో అనిపించింది. పైన నిలబడి ఎన్నోసార్లు తవ్వాడు గానీ కింద ఎప్పుడూ పడుకోలేదు.

అప్పుడు ఎక్కడో బూట్ల చప్పుడైంది. ఒక రాయి కదిలింది. ఎవరిదో గొంతు. మాట తెలియడం లేదు, గొంతు మాత్రమే. ఇంకా ఎవరూ అతన్ని కనిపెట్టలేదు, ఒక్క పెళ్ళా లేవలేదు. అయినా గుండె మీది బరువు సగం దిగింది. ఎవరో వస్తున్నారు.

ఆ ఇంటి కింద తన గొంతు కూడా ఇలాగే వినబడి ఉంటుందా? అందరికీ కాకపోయినా ఒక్కరికైనా? ఆ పిల్లకైనా?

పుల్ల చప్పుడు చెయ్యకుండా ఏడ్చాడు.

సందు దగ్గర గోళ్ళు గీరాయి. తడి ముక్కు లోపలికొచ్చింది, మొరుగుడు చెవులు బద్దలు కొట్టింది. పెళ్ళలు లేచాయి. ఎన్నో చేతులు అతన్ని భుజాలు పట్టి వెలుగులోకి లాగాయి. కనిపెట్టిన కుక్కను అందరూ మెచ్చుకోవాలి, అది పద్ధతి. మెచ్చుకున్నారు, చప్పట్లు కొట్టారు. కాని చుక్కను నిమిరిన చేతులే వచ్చి అతని వీపు మీద ఆగిపోయాయి. చుక్క అతని మొహం మీది దుమ్మూ తడీ కలిపి నాకేసింది.

"మీరొస్తుంటే వినబడింది, బాబాయ్," అన్నాడు పుల్ల. "లోపలికి వినబడుతుంది."

"వినబడుతుందిరా," అన్నాడు బాబాయ్.

మధ్యాహ్నం అందరూ పొడుగుబల్ల దగ్గర కూర్చున్నారు. మామూలుగా అక్కడ గోలలో ఒకరి మాట ఒకరికి వినబడదు. ఆ రోజు ఎవరూ పెదవి విప్పలేదు. పుల్ల ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దిగింది. ఇంకోటి పెట్టుకున్నాడు. వంటాయన అడక్కుండానే మరో గరిటె వడ్డించి మొహం అటు తిప్పుకున్నాడు. ఆఫీసరు తల వంచుకుని తింటున్నాడు. స్టోరు మాట పుల్ల నోట రాలేదు. కంచం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. అతను చెయ్యి కడుక్కునేదాకా ఒక్కరూ లేవలేదు.

నిజానికి ఇల్లు కూలినప్పటినుంచీ చుక్క ఒక్క పూట కూడా తిండి మానలేదు.