పద్నాలుగో నంబరు మంచం

"సిస్టర్, ఇది మీ భాషేనా? కాస్త చూడండి."

కానిస్టేబుల్ దుప్పటి అంచు తప్పించి, ముసలామె ముంజేతి మీది పచ్చబొట్టు చూపించాడు.

రెబ్కా వంగి చూసింది. గుండ్రటి తెలుగు అక్షరాలు.

"మా భాషే. గౌరి అని ఉంది."

ఢిల్లీ ఆర్.కె. పురంలో బస్టాపు బల్ల మీద పొద్దున్నే దొరికిందట. అసలే జనవరి. ఒంటి మీద చీర, పాత స్వెట్టరు తప్ప మరేం లేవు. ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం పోయింది.

కొంగుముడిలో ఒక చీటీ దొరికింది. ఇల్లూ వాకిలీ లేని ఆడవాళ్ళు చలికాలంలో తలదాచుకునే రైన్ బసేరా ఇచ్చిన చీటీ. మంచం నంబరు పద్నాలుగు.

రెబ్కాను అప్పుడే ఒక అనుమానం పురుగులా తొలిచింది. మంచం ఉన్న మనిషి బస్టాపులో ఎందుకు పడుకుంది?

ఎవరో ఏమో, ముక్కూ మొహం తెలియని మనిషి. అయితేనేం? గుంటూరు నుంచి వచ్చి పదకొండేళ్ళుగా ఢిల్లీలో నర్సు ఉద్యోగం చేస్తున్న రెబ్కాకు, చుట్టరికం కలుపుకోవడానికి ఆ రెండక్షరాలు చాలు.

డ్యూటీ దిగగానే ఆటో ఎక్కింది.

రైన్ బసేరా ఫ్లైఓవర్ పక్కనే ఉంది. ఇన్‌ఛార్జి వైశాలి లోపలి గదిలో బల్ల వేసుకుని కూర్చుంది. సంగతి వినగానే ఆమె ముఖం పాలిపోయింది.

"గౌరమ్మా? హే భగవాన్! నిన్న సాయంత్రమే కదా వెళ్ళింది!"

"ఆమెకు ఎవరైనా ఉన్నారా దీదీ? కబురు చెయ్యాలి."

వైశాలి రిజిస్టరు తిప్పింది. అయినవాళ్ళు అనే గడిలో 'ఎవరూ లేరు' అని ఉంది.

"ఎవరూ లేని మనిషి ఎక్కడికి వెళ్ళినట్టు?"

"నేనూ అడిగాను, చెప్పలేదు. వచ్చి నాలుగు రోజులైంది, పేరూ అదీ తెచ్చినవాళ్ళే రాయించారు, నోరు విప్పి ఎరగదు. నిన్న మాత్రం ఇక్కడికొచ్చి నిలబడి 'చలీ దీదీ, చలీ' అంది. వెళ్తానన్న మనిషిని మేం ఆపకూడదు. ఠీక్ హై అని పేరు కొట్టేశాను."

"మరి ఆ మంచం?"

"కడుపుతో ఉన్న పిల్ల ఒకతె పొద్దుటి నుంచీ గేటు బయట నిలబడి ఉంది. ఆమెకిచ్చాను. ఇక్కడ ముప్పై మంచాలు, ముప్పై మందే. ఒకరు ఖాళీ చేస్తే తప్ప ఇంకొకరిని తీసుకునే వీల్లేదు. మిగతా చోట్లకూ ఫోన్ చేశాను సిస్టర్, అన్నీ నిండిపోయాయి."

రెబ్కా ఉన్నట్టుండి బల్ల మీదికి వంగింది.

"గౌరమ్మ ఏమందన్నారు? మళ్ళీ చెప్పండి."

"చలీ అంది."

"అది మీ హిందీ 'వెళ్తున్నా' కాదు దీదీ! తెలుగు! మా భాషలో చలి అంటే ఠండ్! ముసలి ప్రాణం చలి, చలి అని మొత్తుకుంటే, వెళ్తానంటోందని పేరు కొట్టేసి బయటికి పంపేశారా?"

వైశాలి తల తిప్పి వెనకనున్న బీరువా వైపు చూసింది.

"కంబళ్ళన్నీ అందులోనే ఉన్నాయి సిస్టర్," అని ముఖం కప్పుకుని ఏడ్చింది.

రెబ్కాకు జాలి వేయకపోలేదు. కానీ కోపం దాన్ని మించిపోయింది. ఒక్క ముక్క తెలుగు వచ్చినవాళ్ళు ఇక్కడుంటే బతికిపోయేది కదా ఆ తల్లి! ఊరు కాని ఊళ్ళో, భాష తెలియక ప్రాణం పోవడమేమిటి, ఎక్కడైనా ఉందా ఈ అన్యాయం?

"నేను ఫిర్యాదు రాస్తాను దీదీ. ఇంకెవరికీ ఇలా జరగకూడదు."

"రాయండి. నా ఉద్యోగం పోతే పోనీ. నాకు తగిన శాస్తే."

రెబ్కా కాగితం, పెన్ను తీసింది గానీ, రాసే ముందు ఒక సంగతి తేల్చుకోవాలనిపించింది. గౌరి బయటికి వెళ్ళేటప్పుడు గేటు దగ్గరున్నది ఆ పిల్లే కదా. ఏం చూసిందో, ఏం విందో?

స్నిగ్ధ అనే ఆ బెంగాలీ పిల్ల, పద్నాలుగో నంబరు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. నెలలు నిండిన మనిషి. వైశాలి కూడా కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చి నిలబడింది.

"నిన్న నీకంటే ముందు ఈ మంచం మీద ఒక పెద్దావిడ ఉండేది. ఆమె నీతో ఏమైనా అందా?" రెబ్కా హిందీలో అడిగింది. "వణుకుతోందా? పాపం, ఆమెది తెలుగు. చెప్పినా నీకు అర్థమై ఉండదులే."

"తెలుగా?" స్నిగ్ధ తెల్లబోయింది. "ఆ అమ్మమ్మ, నానీ, నాతో హిందీలోనే మాట్లాడింది. నాకంటే చక్కటి హిందీ! ముప్పై ఏళ్ళు ఢిల్లీలోనే ఇళ్ళల్లో పనిచేసిందట."

రెబ్కా చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

"టీ తాగుతూ గేటు దగ్గరికొచ్చి నన్ను చూసింది. ఎన్నో నెల అని అడిగింది. తన గ్లాసు నాకిచ్చేసింది. నోయిడాలో నాకు కూతురుంది, నాకేం తక్కువ అంది." స్నిగ్ధ నవ్వింది. "నానీ కూతురింటికి చేరిందా దీదీ?"

వైశాలి రెబ్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇంకేమంది?" అడిగింది రెబ్కా.

"'ఒకరు వెళ్తే గాని ఇంకొకరికి తలుపు తియ్యరు బేటీ, నువ్విక్కడే నిలబడు, నేను లోపలికెళ్ళి చలీ అని చెప్పొస్తా' అంది."