రెండు ఎడమ చేతులు

"కళ్లజోడూ! మళ్లీ ముట్టుకున్నావా నా ఫైలు?" అక్కయ్య గొంతు చించుకుని అరిచింది.

పక్క టేబుల్ దగ్గర జేబుల మీద వేసే బొమ్మ గీసుకుంటున్న కళ్లజోడు రెండు చేతులూ పైకెత్తేశాడు. "అమ్మతోడు అక్కా, ఆ వైపే వెళ్లలేదు."

"మరైతే ఇదేంటి?"

అక్కయ్య కోట్లు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ప్యాటర్న్‌లు, అంటే గుడ్డ కోయడానికి కొలతల బొమ్మలు, గీసే మనిషి. ఆమె కంప్యూటర్ మీద కోటు ముక్కలన్నీ బుద్ధిగా పరుచుకుని ఉన్నాయి. వీపు, ముందు భాగాలు, కాలరు, అన్నీ బానే ఉన్నాయి. చేతులు మాత్రం రెండూ ఎడమవే. నిన్న ఎడమ చేయి గీసి, దాన్నే కాపీ చేసి కుడి చేతి చోట పెట్టింది. తిరగేయడం మరిచిపోయింది. ఓనరు కూడా చూసి భేష్ అని ఓకే చేసేశాడు. ఈ రోజు పొద్దున్నే కుర్చీలో కూర్చుంటూనే అది కంటబడింది. గబగబా తిరగేసి సేవ్ చేసింది. కాస్సేపటికి తెరిచి చూస్తే మళ్లీ రెండూ ఎడమవే. మళ్లీ తిరగేసింది. మళ్లీ అదే తంతు.

"ఎవరు మారుస్తున్నారో పేరు పడుతుంది కదక్కా?"

"పడుతుంది, నా తలకాయ! అందరం ఒకే పేరుతో ఏడుస్తున్నాం కదా!"

అది ఓనరు ముచ్చటపడి తీసుకున్న క్లౌడ్ ఫోల్డరు. ఎన్ని ఫైళ్లు కుక్కినా ఇంకా చోటిస్తూనే ఉంటుంది, ఎక్కడి నుంచైనా తెరవొచ్చు. మనిషికో పేరు, మనిషికో పాస్‌వర్డ్ పెట్టుకోమని అమ్మినవాడు మొత్తుకున్నా ఆయన వినలేదు. "మనమంతా ఒకింటి వాళ్లం, మనలో మనకి వేరు తాళాలెందుకు?" అన్నాడు. దాంతో ఎవరేం చేసినా అక్కడ 'ఆఫీసు' అనే పడుతుంది.

ఊరవతల కటింగ్ హాల్లో గుడ్డ పరిచి ఉంది. పదకొండు కాగానే మెషీను ఆ ఫోల్డర్‌లో ఏ ప్యాటర్న్ ఉంటే అది తీసుకుని తనంతట తనే కోసేస్తుంది. ఒకవైపే నునుపున్న గుడ్డ, కోశాక తిప్పి కుట్టుకుందామన్నా కుదరదు. నేసిన మిల్లు మూతపడింది కాబట్టి ఇంకో మీటరు కావాలన్నా పుట్టదు. ఈ కోట్లు కుట్టమన్న హోటలు వాళ్ల ఆర్డరు చెడిందంటే ఫ్యాక్టరీకి తాళమేనని ఓనరు ఎన్నాళ్లుగానో చెవిలో ఇల్లు కట్టుకుని చెబుతున్నాడు.

అక్కయ్య కటింగ్ హాలుకి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మెషీను దగ్గర ఫోన్ చూసుకుంటూ ఒకడు వేలు తెగ్గొట్టుకున్నప్పటి నుంచీ అక్కడ ఫోన్లన్నీ గేటు దగ్గర పెట్టెలో పడేసి లోపలికి వెళ్లాలి. పొరుగూళ్లో ఉన్న ఓనరుకి చేసింది. ఎంగేజ్. మళ్లీ చేసింది. ఎంగేజ్.

"ఇంతసేపు ఎవరితో ఈయన కబుర్లు!" అంటూ తల పట్టుకుంది.

"నేను బండి మీద వెళ్లి ఆపించనా?" అన్నాడు కళ్లజోడు.

"వెళ్లు నాయనా. ఇందాక అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నా, నువ్వు మాత్రం ఎగురుకుంటూ వెళ్లు!"

అతను హెల్మెట్ అందుకుని మెట్లు దిగిపోయాడు. అక్కయ్య మరోసారి చేతిని తిరగేసి, ఈసారి ప్యాటర్న్ మీదే ఇంత లావు అక్షరాలతో రాసింది: 'దయచేసి మార్చకండి, మీకు పుణ్యముంటుంది'. రెప్ప వేయకుండా చూస్తూ కూర్చుంది. ఆమె కళ్ల ముందే ఆ అక్షరాలు మాయమయ్యాయి. కుడి చేయి మళ్లీ ఎడమ చేయి అయిపోయింది.

"ఎవరు నువ్వు? నీకు నేనేం పాపం చేశాను?" అని పైకే అడిగింది. కంప్యూటర్ ఏం చెబుతుంది పాపం.

మౌస్ మీద చేయి వేసేసరికి ఫోల్డరే మూసుకుపోయింది. పాస్‌వర్డ్ కొట్టమంది. కొట్టింది. తప్పు అంది. ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటూ కొట్టింది. తప్పే అంది. నిన్నటి దాకా పనిచేసిన పాస్‌వర్డ్!

కళ్లజోడు ఫోన్ చేశాడు. "అక్కా, వచ్చేశా గానీ మెషీను చప్పుడు వినబడుతోంది. మొదలెట్టేసినట్టున్నారు."

"ఆపమను! తలుపు బద్దలు కొట్టు!"

"లోపల గడియ వేసుకున్నారక్కా. బాదుతూనే ఉన్నా, ఆ మోతలో ఎవరికీ వినబడట్లేదు."

అక్కయ్యకి ఏడుపు ఆగలేదు. పైటచెంగుతో ముఖం తుడుచుకుంటుంటే ఫోన్ మళ్లీ మోగింది. ఓనరు!

"సార్! సార్, మెషీను..."

"తెలుసమ్మా, కోత మొదలైందని ఇప్పుడే మెసేజ్ వచ్చింది. ముందు నేను చెప్పేది విను. ఎవడో దొంగ వెధవ మన ఫోల్డర్‌లో దూరాడు. పొద్దున్నుంచీ నీ ప్యాటర్న్ మీదే పడ్డాడు, ఫైలు మారిందంటూ మెసేజ్‌లతో నా ఫోన్ ఒకటే మోత. మా అల్లుడు లైన్లో ఉండి ఏం చెయ్యాలో చెబుతుంటే, పాస్‌వర్డ్ మార్చి వాణ్ని బయటికి గెంటేశాను."

"అయ్యో సార్, అది..."

"నువ్వేం బెంగ పెట్టుకోకు తల్లీ. వాడు మార్చినప్పుడల్లా ఫైలు తెరిచైనా చూడకుండా ఒక్క నొక్కు నొక్కి, నిన్న నువ్వు గీసిందే మళ్లీ పెట్టేశాను!"